ఉప్పునీళ్ల ద్రాక్ష

మల్లాపూర్,
శివరాత్రి తెల్లారి.

ప్రియమైన హన్మండ్లు బావకు,

లక్ష్మీరాజం రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అంటే ఎవరమూ మంచం పట్టలేదు. ఈ వయసులో క్షేమం అంటే అంతకుమించి ఏముంటుంది? ఫోను చేద్దామనే అనుకుంటాను. చేస్తే రత్నమాల చెల్లె ఎత్తుతుంది. నేను చెప్పిందంతా నీ చెవిలో నోరు పెట్టి అరుస్తుంది. మన ఇంటి ముచ్చట మీ వాడకట్టులో పాలు పోసేవాడి దాకా పోతుంది. బతుకంతా సిరిసిల్ల మరమగ్గాల సాంచెల మధ్య నిలబడి చెవులు వాటికే ఇచ్చి వచ్చావు. అందుకే ఈ కాగితం.

సంగతి నీ కొడుకుది. ప్రకాశ్ మస్కట్ నుంచి వచ్చి, ఇక పోను అని చెప్పి, నా రోడ్డు పక్క ఎకరంలో ద్రాక్ష పెట్టాడని నీకు తెలుసు. తెలిసి కూడా నువ్వు ఒక్కసారి చూడ్డానికి రాలేదు. వియ్యంకుల తగువు తర్వాత పెట్టుకుందాం, ముందు మొక్కల సంగతి విను.

మోకాలెత్తు వచ్చాయి, అక్కడే ఆగాయి. ఆకుల అంచులు చాయ్‌లో ముంచిన బిస్కట్ రంగుకు తిరిగాయి. ఎండదెబ్బ అనుకున్నాం. ఎరువు చాలలేదేమోనని ఎరువు వేశాం. ఇంకా మాడాయి. డ్రిప్పు చుక్క పడేచోట మట్టి నల్లగా తడిగా ఉంటుంది, ఆ తడి చుట్టూ మాత్రం తెల్లగా ఒక గీత, ఎవరో సున్నంతో ముగ్గు వేసినట్టు. ప్రకాశ్ వేలితో తీసి నాకు నాకించాడు. ఉప్పు.

మా బోరు రుచి నీకు గుర్తుండాలి. మా బిడ్డ గీత పెండ్లినాడు పప్పు ఉడకలేదని మీ చిన్నాయన పంక్తిలోంచి లేచిపోయాడు. వంటవాణ్ని అందరూ తిట్టారు. వాడు పాపం కట్టెల మీద కట్టెలు పేర్చి, చివరికి పొయ్యిని బతిమాలుకుంటున్నాడు. తప్పు వాడిది కాదు, ఈ బోరుది. ఆ పప్పు గురించి ఇంకా చాలా చెప్పొచ్చు గానీ కాగితం అయిపోతుంది.

నిన్న గట్టు మీద కూర్చొని ప్రకాశ్ అన్నాడు: "మామా, మిరుగు వానల దాకా జూస్త. గప్పటికి గివి తేరుకుంటె ఉంట. లేకుంటె కోరుట్ల ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చే ఉన్న, మళ్ల పోత."

గీత చెంబు పట్టుకొని వెనకనే నిలబడి ఉంది. పెండ్లయిన నాటి నుంచి అది మొగుడితో కలిసి ఉన్న కాలమంతా కలిపితే ఒక పంటకాలం కాదు. చెంబులో నీళ్లు మొక్క మొదట్లో పోసి ఇంటికి పోయింది. అవి కూడా ఉప్పునీళ్లే.

ఒకసారి వచ్చి పో బావా. నీ కొడుకు నా మాట కంటే నీ మాట వింటాడు.

ఇట్లు,
నీ రాక కోసం దారి చూసే
లక్ష్మీరాజం

*

సిరిసిల్ల,
ఉగాదికి ముందు.

ప్రియమైన లక్ష్మీరాజం బావ,

నీ ఉత్తరం అందింది. సగం పప్పు గురించే ఉంది. మిగతా సగం రెండుసార్లు చదివాను.

జగిత్యాల జిల్లాలో పసుపు వేస్తారు, మక్క వేస్తారు, వరి వేస్తారు, మామిడి పెడతారు. ద్రాక్ష పెట్టమని వాడికి ఎవరు చెప్పారు? మస్కట్‌లో ఎవరి తోటలోనో ఖర్జూరానికి నీళ్లు పెట్టినవాడు ఇక్కడికొచ్చి ద్రాక్షకు దొర అయ్యాడు. నువ్వు ఎకరం ఇచ్చి ఎక్కించావు.

చూడ్డానికి రాలేదన్నావు. ఎట్ల రావాలి? మొన్న చాయ్ హోటల్లో ఒకడు ఇంకొకడితో, "హన్మండ్లు కొడుకు ఇల్లరికం పోయిండట గదా" అన్నాడు. నాకు వినబడదని ధైర్యం. సాంచెల చప్పుడులో పనిచేసేవాళ్లం ఒకరి పెదవులు ఒకరం చదువుకొనే బతికాం. ఆ సంగతి వాడికి తెలియదు. చాయ్ తాగి వచ్చేశాను.

ఎల్లారెడ్డిపేటలో నాకు రెండెకరాలు ఉన్నాయి. కౌలుకిచ్చాను, గడువు దసరా దాకా ఉంది. బోరు సన్నగా పోస్తుంది, కానీ నీళ్లు తియ్యగా ఉంటాయి. వాడు ఆ భూమిని అడగలేదు, నేను తీసుకొమ్మనలేదు. కొడుకు వియ్యంకుడి మట్టి తవ్వుతుంటే గట్టు మీద కూర్చొని చాయ్ తాగడానికి నాకు మొహం చెల్లదు. నేను మల్లాపూర్ రాను.

ఒక్క మాట చెప్తాను, ఇష్టమైతే విను. మా దగ్గర నూలుకు రంగు వేసేవాళ్లు ఏ బోరు నీళ్లు పడితే ఆ నీళ్లు వాడరు. మచ్చలొస్తాయి. ముందు పరీక్ష చేయిస్తారు. నూలుకు చూపిన జాగ్రత్త పాణమున్న మొక్కకు చూపొద్దా? ఆ నీళ్లను, మట్టిని జగిత్యాల తీసుకుపోయి చదువుకున్నవాళ్లకు చూపించండి. నాకి చూస్తే ఎరుకయ్యేది కాదు.

రత్నమాలకు మోకాళ్లు పట్టుకున్నాయి. మెట్లు దిగడం మానేసింది.

ఉంటాను,
హన్మండ్లు

*

మల్లాపూర్,
ఏప్రిల్ ఆఖరు.

ప్రియమైన బావకు,

నువ్వు తిట్టి చెప్పినా మంచే చెప్పావు. సీసాలో నీళ్లు, సంచిలో మట్టి పట్టుకొని మామా అల్లుళ్లం జగిత్యాల పోయాం. బస్సులో కండక్టరు, "ఏంది తాతా, గంగజలమా?" అన్నాడు. "తాగి జూడు" అని సీసా చూపించాను. తాగలేదు, తెలివిగలవాడు.

అక్కడ వ్యవసాయ అధికారిగా ఉన్న అమ్మాయి పేరు స్నేహ. మాటల్లో ఊరు అడిగితే తేలింది, ప్రభాకర్ రావు దొర మనుమరాలు. ఆ దొర గడీ ముందర మా నాయిన చెప్పులు చంకలో పెట్టుకొని నడిచేవాడు. మనుమరాలు నాకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నేను చెప్పింది నోరు తెరవకుండా వింది. కాలం మారింది అనడానికి ఇంకేం కావాలి? అయితే నేను చెప్పింది ఎక్కువై, ఆమె ఎదురుగా ఉన్న చాయ్ చల్లారిపోయింది. అది వేరే సంగతి.

పరీక్ష చేయించి ఆమె చెప్పింది ఇది. మొక్క నీళ్లను తాగి ఉప్పును మట్టిలోనే వదిలేస్తుంది. రోజూ గుక్కెడు గుక్కెడు పోస్తే ఆ ఉప్పు ఎక్కడికీ పోదు, తడి అంచుకు చేరి పేరుకుంటుంది. మేం చూసిన తెల్ల గీత అదే. మస్కట్‌లో ప్రకాశ్ నేర్చుకొచ్చింది ఈ గుక్కెడు లెక్కే. అక్కడ నీళ్లు బంగారం, ఖర్జూరానికి ఉప్పంటే లెక్కలేదు. ద్రాక్ష లేత పిల్ల, తట్టుకోలేదు. పైగా మావాడు అంటు కట్టని మొక్కలు తెచ్చాడు. అడవి వేరు మీద అంటు కట్టినవైతే కొంత ఓర్చుకునేవట.

"మొక్కకు గావాల్సిన దానికంటె ఎక్కువ నీళ్లు పెట్టుండ్రి. ఉప్పు వేర్ల కిందికి దిగిపోవాలె. మొదళ్ల చుట్టు వరిగడ్డి మందంగ పరువుండ్రి, తడి ఆరకుంట. గా ఎర్ర పొటాష్ బంద్ జెయ్యుండ్రి, దాంట్ల గూడ ఉప్పే ఉన్నది" అంది. తర్వాత ప్రకాశ్‌ను వదిలి నా దిక్కు తిరిగింది. "అంకుల్, ముఖ్యమైంది ఇది. మొదటి వాన సన్నగ పడితె మోటర్ బంద్ జెయ్యొద్దు. వాన పడుతున్నంత సేపు డ్రిప్ నడవాలె."

"వాన పడంగ నీళ్లు పెడితె ఊరు నవ్వదా?"

"నవ్వనియ్యుండ్రి. సన్నవాన గా అంచుల ఉన్న ఉప్పును కరిగిచ్చి సీదా వేర్ల మీదికి నూకుతది. డ్రిప్ నడిస్తె దాన్ని అవతలికే ఆపుతది. పెద్ద వాన పడ్డంక మీ ఇష్టం."

బస్సెక్కేలోపు ఇంకో రెండుసార్లు చెప్పింది. నేనేమైనా చంటిపిల్లగాణ్నా అనిపించింది.

అప్పటి నుంచి ఆమె చెప్పినట్టే చేస్తున్నాం. వరిగడ్డి నేనే మోశాను. నడుము పడిపోయింది. మా ఇంటిది భూదేవి ఆవనూనె రాస్తూ, "గీ వయసుల గిదేం పని" అని మూడు తరాలను తిట్టింది. అయినా బావా, కొత్తగా వచ్చే ఆకుల అంచులు పచ్చగా ఉన్నాయి. నిన్న ప్రకాశ్ ఒక ఆకును అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు. ఏజెంటు పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇట్లు,
నడుము పోయినా ఆశ పోని
లక్ష్మీరాజం

*

సిరిసిల్ల,
రోహిణి కార్తె.

ప్రియమైన బావ,

ఆకులు పచ్చబడ్డాయని రాశావు. సంతోషం. ఎక్కువ సంతోషపడకు.

ఏజెంటు వీసా తెప్పించాడట. టికెట్టు జూన్ నెల ఆఖరుకు. వాడు తల్లికి ఫోనులో చెప్పాడు, తల్లి నా చెవిలో అరిచింది. నీకు చెప్పి ఉండడు. నువ్వు వరిగడ్డి మోస్తుంటే చెప్పడానికి వాడికి నోరు రాలేదట.

మిరుగు వరకు మొక్కలు నిలబడితే పాస్‌పోర్టు వాపసు తెచ్చుకుంటాను అన్నాడట. తెచ్చుకోనియ్, పోనియ్. మస్కట్‌లో ఉన్నా మల్లాపూర్‌లో ఉన్నా వాడు నాకు ఒకటే దూరం. పండుగకు వస్తాడు, అన్నం తింటాడు, పోతాడు. నేను అలసిపోయాను బావా. ఇక్కడ ఎండకు రేకుల కింద పడుకుంటే ఒళ్లు ఉడికిపోతోంది. నీ పప్పు ఇక్కడైతే బాగా ఉడికేది.

ఉంటాను,
హన్మండ్లు

*

మల్లాపూర్,
మిరుగు దాటిన వారం.

ప్రియమైన హన్మండ్లు బావకు,

ఈ ఉత్తరంలో నవ్వడానికేమీ లేదు. ముందే చెప్తున్నాను.

మిరుగునాడు పొద్దున ప్రకాశ్ కోరుట్ల పోయాడు. మిరుగుకు తినే చేపలు తేవాలి, పాస్‌పోర్టు వాపసు తేవాలి. గీతతో ఆ మాట అనే పోయాడు. అది నాకు చెప్పింది. చెప్పేటప్పుడు దాని మొహం నువ్వు చూడాల్సింది.

వాడు పోయిన కాసేపటికి మబ్బు కమ్మింది. నేను పొలం దగ్గరే ఉన్నాను, మోటరు నడుస్తోంది. మొదటి చినుకు నా చేతి మీద పడింది. మా దిక్కు మిరుగు చినుకు పడగానే ఊళ్లో ప్రతి మోటరూ ఆగుతుంది. ఎండాకాలమంతా మేం పోశాం, ఇక నువ్వు పోసుకో అని పైవాడికి అప్పజెప్పడం. మా నాయిన మోట ఆపి ఎద్దుల మెడ మీంచి కాడి దించి దండం పెట్టేవాడు. నాకు ఎద్దులు లేవు, స్టార్టర్ డబ్బా ఉంది. చిన్నప్పటి నుంచి చేసిన చెయ్యి. నేను ఆలోచించకముందే అది పోయి ఎర్ర బటన్ నొక్కింది. రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఆనందంతో తడుస్తూ ఇంటికొచ్చాను. భూదేవి మసాలా నూరుతోంది.

ప్రకాశ్ చేపలతో వచ్చాడు, పాస్‌పోర్టు లేకుండా వచ్చాడు. ఏజెంటు లేడు, సోమవారం రమ్మన్నారట. గుమ్మంలో నిలబడి, "మామా, మోటర్ నడుస్తుంది గదా?" అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది బావా. స్నేహ మేడం మొహం, ఆమె మూడుసార్లు చెప్పిన మాట, అన్నీ.

పరుగెత్తాం. నా పరుగు నీకు తెలుసు, వాడు నాకంటే ముందు చేరాడు. బటన్ నొక్కితే ఉలుకు లేదు. వాన పడగానే కరెంటు పోతుంది కదా, పోయింది. మర్నాడు సాయంత్రం దాకా రాలేదు. ఆ వాన కూడా ఎంత పడిందని? జానెడు మట్టి తడిసింది, అంతే. ఉప్పు కరగడానికి చాలు, కిందికి దిగడానికి చాలదు. కరెంటు వచ్చేసరికి ఆకులు నడిమి దాకా మాడిపోయి, ముట్టుకుంటే అప్పడాల్లా విరుగుతున్నాయి.

"ఎవలు బంద్ జేసిండ్రు మామా?" అన్నాడు. వాడికి తెలుసు.

"నేనే అల్లుడా. జర నన్ను తిట్టు, కడుపుల పెట్టుకోకు."

"తిడితె ఉప్పు దిగుతదా మామా?" అని మోటరు వేయడానికి పోయాడు.

ఆ రాత్రి వండిన చేపలు ఎవరూ ముట్టలేదు.

మేడంకు ఫోను చేశాం. ఇక ఒకటే దారి అంది. ప్రతి మొక్కనూ కింద రెండు కణుపులు ఉంచి కోసెయ్యాలి. వానలు గట్టిపడే దాకా నీళ్లు దండిగా పెట్టి వేళ్లను కడగాలి. వేరు బతికి ఉంటే నెలలోపు చిగురిస్తుంది, లేకుంటే లేదు. ప్రకాశ్ కత్తెర పట్టి ఒక్కో మొక్కను కోశాడు. ఇప్పుడు ఎకరమంతా జానెడు పుల్లలు. టికెట్టు మాత్రం ఆ నెల తీరకముందే ఉంది. అంటే మొక్క బతికిందో చచ్చిందో తెలియకముందే వాడు తేల్చుకోవాలి.

పాస్‌పోర్టు కోసం సోమవారం పోలేదు. రేపు నీ దగ్గరికి వస్తున్నాడు. సెలవు తీసుకోవడానికే అనుకుంటాను. నేను ఆపలేను బావా. మోటరు ఆపినవాణ్ని ఏ నోటితో ఉండమంటాను? నువ్వు ఆపు.

లక్ష్మీరాజం

*

సిరిసిల్ల,
జూన్ ఆఖరు.

ప్రియమైన బావ,

ప్రకాశ్ వచ్చాడు. తల్లి గారెలు చేసింది. తిన్నాడు. రెండో రోజు టికెట్టు తీసి నా ముందర పెట్టి, నాకు తెలిసేలా పెదవులు మెల్లగా కదిలిస్తూ మాట్లాడాడు. మా ఇద్దరి మధ్య ఇన్నేండ్లలో ఇంత పొడుగు మాట నడవలేదు, అందుకే మొత్తం రాస్తున్నాను.

"నాయినా, అన్ని కోసేసి వచ్చిన. పుల్లలే ఉన్నయ్."

"గా మేడం ఏమన్నది?"

"నెల ఆగుమన్నది."

"మరి ఆగు. ఎడారిల గన్నేండ్లు ఆగినోనివి, ఇంటికాడ నెల ఆగలేవా?"

"ఆడ ఆగితె జీతం వస్తది. ఈడ ఆగితె ఏమొస్తది?"

"ఏమొస్తదో నాకెర్కలే. ఇప్పుడు పోతె మాత్రం నువ్వు మళ్ల రావు. శవం లెక్క వస్తవో, ముసలోనివై వస్తవో. నేను గప్పటిదాక ఉండ."

తల వంచుకున్నాడు. తర్వాత నా ఎదురుగానే అన్నాడు: "మామ పొలంల ఉంటె నీకు నామోషీ అని నాకు తెలుసు నాయినా. అందుకే పోదామనుకున్న. మొక్కల గురించి గాదు."

బావా, నేను ఇది వినాలని లేదు. చెవులు పోయినవాడు అన్నీ తప్పించుకోవచ్చు అనుకుంటారు. పెదవులు కనబడితే ఎక్కడికి తప్పించుకుంటాడు? వాడు మొక్కలు ఎండుతున్నాయని పోవడం లేదు, నేను మొహం తిప్పుకున్నానని పోతున్నాడు. చాయ్ హోటల్లో ఎవడో అన్న మాట నేను మోసుకొచ్చి నా కొడుకు నెత్తిన పెట్టాను.

"లోకులు ఇల్లరికం అంటరు" అన్నాడు మళ్లీ.

"అననియ్. నాకు ఇనబడది గద రా" అన్నాను.

మొదట అర్థం కాలేదు. తర్వాత నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తల్లి వంటింట్లోంచి, "ఏమైంది, ఏమైంది" అని అరిచిందట. నాకు తెలియదు, వాడు చెప్పాడు.

టికెట్టు వద్దని ఏజెంటుకు ఫోను చేశాడు. ఈ ఉత్తరం చేరేసరికి వాడు నీ దగ్గరే ఉంటాడు. నీ మట్టిలోనే ఉండనియ్. నేను కోపం మానేశాను. గొప్పతనం కాదు, కోపానికి కూడా ఓపిక కావాలి.

చిగురిస్తే రాయి. చిగురించకున్నా రాయి.

ఉంటాను,
హన్మండ్లు

*

మల్లాపూర్,
వినాయక చవితి దాటాక.

ప్రియమైన హన్మండ్లు బావకు,

రెండు నెలలు నీకు రాయకుండా తప్పించుకు తిరిగాను. ఎందుకో చివర్లో చెప్తాను.

మొక్కలు బతికాయి. అన్నీ కాదు. రోడ్డు పక్క వరుసలు పోయాయి, లోపలివి చిగురించాయి. జూలైలో వాన ముసురు పట్టి మట్టిని నిలువునా కడిగింది. ఒక పొద్దున గీత పోయి, పుల్లల పక్కన చీమతలకాయంత ఎర్రటి మొగ్గలు చూసి వచ్చింది. ప్రకాశ్‌ను లేపలేదు. చాయ్ పెట్టి ఇచ్చి, "పొలంకాడికి పోయి రాపో" అంది, అంతే. వాడు పోయినవాడు మధ్యాహ్నం దాకా రాలేదు. ఇప్పుడు తీగ నా భుజాల దాకా వచ్చింది.

మొన్న స్నేహ మేడం వచ్చి చూసింది. నేను మెచ్చుకుంటుందని నిలబడ్డాను. ఆమె మెచ్చుకుంది, తర్వాత అంది: "బతికినయ్ అంకుల్. కని గీ నీళ్లతోని ప్రతి ఎండకాలం మీకు గిదే కొట్లాట. పిందె పట్టినంక ఇంక కష్టం. అల్లునికి ఇంకెక్కడన్న మంచినీళ్ల భూమి ఉన్నదా? ఉంటె అంటుమొక్కలు దొరికే జాగ నేను జెప్త."

ప్రకాశ్ నేల చూశాడు. వాడు చెప్పడు బావా, నా మొహం చూసి చెప్పడు. గీత చెప్పదు, వాళ్లమ్మ మొహం చూసి. మిగిలింది నేను. నేను ఊరుకుంటే ఈ ఎకరం ఉప్పు కడుగుతూ వాళ్లిద్దరూ నా కళ్లముందే ఉంటారు. ఏదో ఒక ఎండాకాలం అలసిపోయి వాడు మళ్లీ కోరుట్ల దారి పడతాడు. ఆ రెండూ నాకు స్పష్టంగా కనబడ్డాయి.

"ఉన్నది మేడం. ఎల్లారెడ్డిపేటల, వాళ్ల నాయినకు ఉన్నది. నీళ్లు తియ్యగుంటయ్" అన్నాను.

ఆమె పోయాక భూదేవి అడిగింది: "బిడ్డను మనకాడ ఉంచుకుందామని మొక్కలు బతికిచ్చినవా, పంపుదామని బతికిచ్చినవా?" నేను లేచి తీగలు కట్టడానికి పొలానికి పోయాను.  బిడ్డను పంపాలన్న మాట నీకు రాయడానికే ఇన్నాళ్లు పట్టింది. మేడం రాకముందు నుంచే నా మనసులో నలుగుతోంది. చిగురు కనబడిన రోజే రాసి ఉండాల్సింది.

ప్రకాశ్‌ను అడిగాను, నాయినను భూమి అడుగుతావా అని. "నాకు భయమైతది మామా" అన్నాడు. ఇంత మనిషి. సరే, నేనే అడుగుతున్నాను. దసరాకు కౌలు గడువు తీరగానే ఆ రెండెకరాలు నీ కొడుక్కు ఇయ్యి. ఇక్కడి తీగలను నేను చూసుకుంటాను. ఈ ఉప్పుకు నేనూ అలవాటు పడ్డాను, అవీ అలవాటు పడుతున్నాయి.

గీతకు పెండ్లయి ఇన్నేండ్లయినా అత్తగారింట్లో కాపురం చేసింది లేదు. మొగుడు మస్కట్, అది మల్లాపూర్. మన మనుమరాలు అక్షిత పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. పెండ్లినాడు అప్పగింతలప్పుడు నేను ఏడ్వలేదని మీవాళ్లు గుండెరాయి అన్నారు. ఎట్లా ఏడుస్తాను, వారం తిరక్కుండా మళ్లీ మా ఇంటికే వస్తుందని నాకు తెలుసు. ఈసారి రాదు.

దసరా దాటాక మంచిరోజు చూసి, బిడ్డను సాగనంపే ఒడిబియ్యం పోస్తాం. బిడ్డను తీసుకుపోవడానికి అత్తమామలు రావాలి, అది ఆనవాయితీ. చెల్లె మోకాళ్లకు కష్టమైతే కారు మాట్లాడుకొని రండి. వచ్చి మా ఇంట్లో అన్నం తిని, నీ కోడలిని, నీ మనుమరాలిని, నీ కొడుకును తోలుకపో.

పండుగకు ఇంకా చాలా రోజులున్నాయి. అయినా భూదేవి ఇప్పుడే బియ్యం చెరగడం మొదలుపెట్టింది. లోపల చాట చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది. నేను వాకిట్లో కూర్చొని రాస్తున్నాను. ఉత్తరం అయిపోయింది గానీ, ఇప్పుడే లేచి లోపలికి పోవాలనిపించడం లేదు.

ఇట్లు,
నీ బావ
లక్ష్మీరాజం